బెదురు మోసిన ఉరుకుందమ్మ

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం ఎక్కువ తక్కువైనా చదివేవాళ్లు సర్దుకోవాలి. ఒక్కో వాక్యానికి నాకు కుండెడు అన్నం ఉడికేంత సేపు పడుతుంది. కథ నెమ్మదిగా నడిస్తే ఆ తప్పు నాది, కథలో మనుషులది కాదు. వాళ్లు చురుకైనవాళ్లు. ఇది ఇంకా రాని కాలంలో జరిగిన కథ. ఆ కాలం రావాలని కొంత, రాకూడదని కొంత అనుకుంటూ రాశాను.

తిప్పన్న తన ఇంటికి తానే దగ్గుకుంటూ వచ్చే రోజులవి.

వీధి మలుపులోనే ట్రాలీ ఆటో ఆపి, అక్కడి నుంచే గొంతు సవరించుకునేవాడు. వాకిట్లో నిలబడి, "నేనే, తిప్పన్నను. చేతిలో టమాటాల సంచి ఉండాది. లోపలికి వస్తాండా," అనేవాడు. "రా మామా, నిదానంగా రా," అని భార్య గొంతు వినపడ్డాకే గడప దాటేవాడు. ఎదురింటి అరుగు మీద కూర్చునే హనుమక్క రోజూ ఒక మాట విసిరేది.

"ఏం తిప్పన్నా, కొత్తల్లుడి మర్యాదలు ఇంకా నడుస్తాండాయా?"

"మా ఇంట్లో జింక ఉండాదక్కా. బెదురుతాది."

హనుమక్క పడీపడీ నవ్వేది. తిప్పన్న మాత్రం ఉన్న మాటే చెప్పాడు.

అతని భార్య ఉరుకుందమ్మ. జింకలగట్టు జంతు ఆశ్రయాన్ని నడిపే మనిషి. కర్నూలు జిల్లా పడమటి వైపు, నల్లరేగడి చేల మధ్య, పంటకు పనికిరాని చవిటి నేలలో ఆమె నిలబెట్టిన ఆశ్రయం అది. కుక్కలు తరిమినవి, కంచెల్లో చిక్కుకున్నవి, కాలువల్లో పడినవి, ఏ జంతువైనా అక్కడికే చేరేది. ఎక్కువగా వచ్చేవి కృష్ణజింకలు.

ఉరుకుంద తిప్పన్నకు మేనమామ కూతురు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల. చిన్నప్పుడు రెక్క విరిగిన పాలపిట్టనూ దారి తప్పిన తాబేలునూ ఒళ్లో వేసుకుని వచ్చేది. వాటికి గంపలు అల్లిపెట్టే పని తిప్పన్నది. ఒకనాడు పత్తి చేలో కుక్కలు ఒక జింకపిల్లను తరుముతుంటే, పన్ను పడకముందే ఉరుకుంద దాన్ని ఎత్తుకుంది. ఇంటికి చేరేసరికి అది ఆమె చేతుల్లోనే చచ్చిపోయి ఉంది. ఒంటి మీద ఒక్క గాటు లేదు.

"బెదిరి చచ్చిపోయిందమ్మా. జింకలు అంతే," అన్నాడు వాళ్ల నాయన.

ఆ జవాబు ఆ పిల్లకు చాలలేదు. పదో తరగతి అయ్యాక పశువైద్య డిప్లొమా చదివింది. అటవీ శాఖ వాళ్ల పునరావాస కేంద్రంలో కూలికి బోనులు కడిగింది. పాముకు నీళ్లు తాపడం, కోతికి కట్టు కట్టడం అక్కడే నేర్చుకుంది. జంతువులంటే ఇష్టం ఉన్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ ఇష్టాన్ని పొద్దున లేచి చేసే పనిగా మార్చుకున్నవాళ్లు తక్కువ. ఆశ్రయంలో పని చేస్తామని పట్నం నుంచి వచ్చే పిల్లలు జింకపిల్లను ఎత్తుకుంటామని అడిగితే, ఉరుకుంద వాళ్ల చేతికి పార ఇచ్చేది.

"ముందు పెంట ఎత్తండి. ముద్దు చేసేది వేరే, చూసుకునేది వేరే."

ఆమె ఏ జంతువుకూ పేరు పెట్టలేదు. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే అది వస్తుంది, రావడం అలవాటైతే అడవిలో బతకదు అనేది.

రైతులకు జింకలంటే కడుపుమంట. మొలక శనగను ఒక్క పూటలో మేసిపోతాయి. ఉరుకుంద ఊరూరూ తిరిగి, జింకలు పాపం అని ఎవరికీ చెప్పలేదు. "కుక్కల్ని ఇడిసే ముందు నాకు ఒక ఫోన్ కొట్టు పెద్దాయనా. నేనే వచ్చి తోలుతా," అంది. అన్నట్టే వెళ్లింది, ఎండనకా వాననకా. రెండు పంటలు తిరిగేసరికి, మందకు రాళ్లు విసిరిన చేతులే ఆమెకు ఫోన్ చేయడం మొదలుపెట్టాయి. ఊరూరికీ ఆమెను ఎక్కించుకుని ఆటో తోలింది తిప్పన్న. తన భార్య మాట మీద మీసాల రైతులు కర్రలు దించడం చూసినప్పుడల్లా, ఆటో హారన్ కొట్టాలనిపించేంత సంబరం అతనికి.

కానీ బెదిరి చచ్చేవి చస్తూనే ఉన్నాయి. వల వేసి పట్టిన జింక, గాయం కుట్టేలోగా గుండె ఆగి పడిపోయేది.

అప్పుడు ఫిలోమినా మేడం వచ్చింది. పశువుల గుండె మీద పరిశోధన చేసే డాక్టరు. గుంటూరు వైపు మనిషి. ఆశ్రయంలోని పాత గడ్డి దాచే గదిని ప్రయోగశాల చేసుకుని, మూడు వేసవులు అక్కడే ఉడికిపోయింది. చివరికి రెండు పట్టీలు తయారు చేసింది. అరచేయి వెడల్పు నల్ల గుడ్డలో వెంట్రుక లాంటి లోహపు తీగలు అల్లినవి. ఆమె పెట్టిన పేరు పెద్దదే గానీ అందరూ జోడుపట్టీ అన్నారు.

మొదటిసారి దాన్ని కట్టింది దిగువ కాలువలో పడిన ఒక ఆడజింకకు. సిమెంటు గట్టు ఎక్కలేక, గిట్టలు అరిగేదాకా ఈది, నీళ్లలో తేలుతుంటే తిప్పన్న వల వేసి లాగాడు. షెడ్డులో గోనెపట్టాల చాటున పడుకోబెట్టారు. దాని డొక్కలు కొట్టుకోవడం దూరానికే కనపడుతోంది.

"ఈ గుండె ఇంకెంతో సేపు ఆగదు," అంది ఫిలోమినా. ఒక పట్టీ జింక రొమ్ముకు చుట్టింది. రెండోది తన రొమ్ముకే కట్టుకుని కూర్చుంది. జింక ఇంకా గింజుకుంది. "నా వల్ల కావడం లేదు. నాకే భయంగా ఉంది. నువ్వు కట్టుకో ఉరుకుందమ్మా."

ఉరుకుంద కట్టుకుని, జింక వైపు చూడకుండా, వీపు తిప్పి కూర్చుంది. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె చేతులు వణకసాగాయి. నుదుట చెమట పట్టింది. శ్వాస కుక్క తరిమినట్టు ఎగిసింది. అటు జింక చెవులు మెల్లగా వాలాయి. మెడ చాచి గడ్డం తెచ్చి ఆమె తొడ మీద ఆనించి కదలకుండా ఉండిపోయింది.

"పాయనా?" అన్నాడు తిప్పన్న.

"నిద్రపోయింది," అని ఫిలోమినా ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం తిప్పన్న అడిగాడు. "ఏం జేసినావే లోపల?"

"మధ్యాన్నం నీడకు పడుకొని గొర్రెలు నెమరేస్తాయి చూడు, ఆ చప్పుడు తలుచుకున్యా. అదే దానికి పోయింది. దానిది నాకు వచ్చింది." ఉరుకుంద చీరకంటిన జింక వెంట్రుకలు దులుపుకుంది. "కుక్క ఎంత పెద్దగా కనపడతాదో తెలుసా మామా? మనిషి అంతకన్నా పెద్దగా కనపడతాడు."

ఆ ఏడాది జింకలగట్టులో బెదిరి చచ్చిన జింక ఒక్కటీ లేదు. దూరం ఊళ్ల నుంచి డాక్టర్లు వచ్చి చూశారు. వాళ్లలో కొందరు పట్టీ కట్టుకుని కూర్చున్నారు. ఎవరి గుండె వెనకా జింక గుండె నిమ్మళించలేదు. గొర్రెల మధ్య పెరిగిన ఆ ఒక్క మనిషి గుండెకే అది లొంగింది. అందుకే ప్రతి జింకకూ ఆమే కూర్చుంది. ఒక్కదాని తర్వాత ఒకటి, అన్నిటి బెదురూ ఆమెలోకే దిగింది.

కాలువ జింక గిట్టలు మానాక దాన్ని గడ్డినేలలో వదిలారు. కొద్ది రోజులకు తిప్పన్నకే కనపడింది అది. ఊరి చివర కుక్కల గుంపు దగ్గరికి తానే నడిచి వెళ్లి, గొర్రె పక్కన గొర్రె పడుకున్నట్టు పడుకుందని చూసినవాళ్లు చెప్పారు. మిగిలింది చూసి తిప్పన్న తువ్వాలు కప్పి తెచ్చాడు.

ఫిలోమినా చాలాసేపు ఆ తువ్వాలు వైపే చూసింది. "దాని జబ్బు తీశాననుకున్నాను. దాని కాళ్లే తీసేశాను," అంది.

"బెదురు దాని ఆస్తి మేడం. నా దగ్గర పెట్టుకున్యా, తిరిగీలేదు," అంది ఉరుకుంద.

ఆ రోజు నుంచి జింకలను వదలడం ఆపేశారు. ఆవరణలో మంద పెరిగింది. మనిషి కనపడితే తోకలూపుకుంటూ వచ్చి అరచేతిలో తినేవి. చూసేవాళ్లకు ముచ్చటేసేది. ఉరుకుంద మాత్రం ముఖం తిప్పుకునేది.

ఆమెలోకి దిగిన బెదురు అక్కడే పేరుకుంటూ వచ్చింది. మొదట కుక్కర్ ఈలకు చేతిలో గిన్నె జారిపోయేది. తర్వాత టోపీ పెట్టుకున్న మనిషి కనపడితే గోడ వారగా నడిచేది. తర్వాత తిప్పన్న నీడ వెనక నుంచి పడితే చాలు, గది మూలకు ఎగిరి దూకేది. దూకి, అతన్ని గుర్తుపట్టి, సిగ్గుపడేది. అందుకే అతను దగ్గడం నేర్చుకున్నాడు.

వాళ్లకు గంగి అని కూతురు. అప్పటికి ఇంకా బడిలో వేయలేదు. చీర ఉయ్యాల మీంచి జారిపడి, మోకాలు చీరుకుపోయి, ఏడుస్తూ ఒక్క పరుగున తల్లి మీదికి వచ్చింది ఒకరోజు. రెండు చేతులూ చాచుకుని, నోరు తెరుచుకుని, గట్టిగా అరుస్తూ. పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఉరుకుంద తలెత్తి చూసింది. చూసి, ముళ్లకంప దాటి అవతలికి దూకింది.

గంగి ఏడుపు ఆపేసింది. అంత ఆశ్చర్యం దానికి.

తిప్పన్న తల్లి మాదమ్మ వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఆమె నోరు పెద్దదే గానీ ఆ పూట ఒక్క మాట తూలలేదు. "కాళ్లల్లో ముండ్లు దిగినట్లుండాయి. కదలొద్దు కోడలా, వస్తాండా," అంది.

"నాది పర్లే అత్తా. దాని మోకాలు కడుగు. మన్ను ఉంటాది లోపల, బాగా కడుగు." కంప అవతల నుంచే చెప్పింది ఉరుకుంద. "గంగీ, నిన్ను చూసి కాదమ్మా నేను దూకింది."

"మరి ఎవర్ని చూసి?" అంది గంగి.

తిప్పన్న కంప దాటి పోయి, భార్య పాదాల్లో ముళ్లు ఒక్కొక్కటే తీశాడు.

మర్నాడు అతను ప్రయోగశాలకు వెళ్లి బల్ల మీద చేయి వేశాడు. "సగం నాకు పెట్టండి మేడం. కట్టండి నాకు."

కట్టింది. పొద్దు తిరిగేదాకా కూర్చున్నారు మొగుడూ పెళ్లాం. ఒక్క వణుకు కూడా అతనిలోకి రాలేదు. ఫిలోమినా తీగలు చూసి తల అడ్డంగా ఊపింది. మనిషి నుంచి మనిషికి ఇది పోవడం లేదు, ఎదుటి మనసు మాటలతో నిండి ఉంటే దిగడానికి చోటుండదు అంది.

"పుట్టినప్పటి నుంచి వాగుతానే ఉండాడు మేడం, చోటు యాడుంటాది?" అంది ఉరుకుంద. ముగ్గురూ నవ్వారు.

"జంతువుకు మాత్రం పోతుంది. తీగలు తిరగేసి కడితే చాలు," అంది ఫిలోమినా మెల్లగా.

గొర్రెల వాళ్లకు అప్పుడు తట్టే ఆలోచన ఒక్కటే. ఇంట్లో సుంకులమ్మ జాతరకని వదిలిన పొట్టేలు ఉంది. జాతర దగ్గర పడింది. ఎలాగూ కోసేదే. దాని మీదికి దించేస్తే దాంతోనే పోతుంది. తిప్పన్నకు అది దేవత చూపిన దారిలాగే తోచింది. ఉరుకుంద మొదట ఒప్పుకోలేదు. గంగి మోకాలి కట్టు వైపు చూసి, తల వంచి కూర్చుంది. అది ఒప్పుకోలు అనుకున్నాడు తిప్పన్న. పొట్టేలును ఆటోలో తెచ్చాడు.

పట్టీ కట్టేటప్పుడు పొట్టేలు వేపరెమ్మ నములుతోంది. కాసేపటికి నమలడం ఆపేసింది. రెమ్మ నోట్లోంచి జారింది. నాలుగు కాళ్లూ ఎడంగా పడ్డాయి. ఇటు ఉరుకుంద భుజాలు దిగాయి, నుదుటి ముడి విడిపోయింది. ఏడాదిగా తిప్పన్న చూడని ముఖం అది. ఆమె తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ గంగిని నిండుగా చూసింది. చేయి చాచింది. గంగి ఒక అడుగు ముందుకు వేసింది.

పొట్టేలు తల తీసుకెళ్లి నీళ్లతొట్టి కిందికి దూర్చుకోవాలని చూస్తోంది. కొమ్ములు పట్టక రాతికి తగిలి చప్పుడవుతోంది. అయినా దూరుస్తూనే ఉంది.

"మేడం, మళ్లీ ఇటు తిప్పండి," అంది ఉరుకుంద.

"ఆలోచించుకో ఉరుకుందమ్మా. సగం కూడా కాలేదు."

"తిప్పండి మేడం. జింకకు కుక్క కనపడింది. దీనికి ఏమీ కనపడలే. ఎందుకు వణుకుతాందో దానికే తెలీదు."

"కోసేదే గదా ఉరుకుందా," అన్నాడు తిప్పన్న. అతని గొంతు బతిమాలుతోంది.

"కోసేది ఒక్క పారి మామా. ఇది పొద్దస్తమానం కోస్తాది."

ఫిలోమినా తీగలు తిప్పింది. పొట్టేలు కాసేపటికి తల బయటికి తీసి, కింద పడిన వేపరెమ్మను వాసన చూసింది. ఉరుకుంద భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి. చాచిన చేయి ఒళ్లోకి వచ్చింది. గంగి తనంతట తానే ఒక అడుగు వెనక్కి వేసింది.

తిప్పన్న బయటికి పోయి ఆటోలో కూర్చున్నాడు. ఫిలోమినా వెనకే వచ్చింది.

"కోపంగా ఉందా తిప్పన్నా?"

"ఉండాది మేడం, లేదని ఎట్ల చెప్పేది." అతను స్టీరింగు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "కానీ ఆ పొట్టేలు స్థానంలో నేనుంటే మాత్రం, ఆమె చేతుల్లోనే పడాలనుకుంటా."

ఇక మిగిలిన దారి ఏ జింక బెదురు ఆ జింకకే తిరిగివ్వడం. అది నిదానమైనది. ఒక్కో జింక గుండె కొట్టుకునే తీరు ఒక్కో రకం. దాని తీరు పట్టీలో నిలిచి ఉంది కాబట్టి, దాని బెదురు దానికే పోతుంది. కానీ ఒకసారి చంపబోయిన బెదురది. కాళ్లు బలపడాలి, గుండె గట్టిపడాలి, అప్పుడు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. అన్నిటికీ ఇచ్చేసరికి వానలు పోయి మళ్లీ వానలు వస్తాయి. అన్నాళ్లూ ఉరుకుంద మోయాలి.

అన్నాళ్లూ గంగి ఏం చేయాలి?

తిప్పన్నే నేర్పాడు దానికి. ఆశ్రయానికి వచ్చే పట్నం పిల్లలకు ఉరుకుంద చెప్పే పాఠమే. ఎదురుగా పోవద్దు, పక్క నుంచి పో. కళ్లల్లోకి చూడొద్దు, నేల చూడు. చేతులు చాపొద్దు. దగ్గర కూర్చుని, ఊరికే ఉండు. గంగి తొందరగానే నేర్చుకుంది. మూరెడు దూరంలో, తల్లికి వీపు పెట్టి కూర్చుని, మట్టిలో గీతలు గీసుకునేది. కొన్నాళ్లకు ఆ మూర జానెడైంది. ఒక మధ్యాహ్నం రెండు వీపులూ ఆనుకుని ఉండటం తిప్పన్న కిటికీలోంచి చూశాడు. ఆ పూట అన్నానికి లోపలికి పోలేదు. దగ్గు వినపడితే విడిపోతారని.

జింకలు ఒక్కొక్కటే మారాయి. నిన్న అరచేతిలో తిన్నది, ఈరోజు ఉరుకుంద ముఖం చూసి చెవులు నిక్కించేది. ఆవరణ ఆ చివరికి దూకేది. ఆమెను పులిని చూసినట్టు చూసేది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మాటల్లో గర్వం పొంగేది.

"చెవి చీలికది ఈ పొద్దు నన్ను చూసి పారిపోయింది మామా. ఏం దూకు దూకిందో."

పిల్ల మొదటిసారి పలక మీద అక్షరం దిద్దిందని చెప్పే తల్లిలా చెప్పేది. ప్రాణం పెట్టి సాకినవే తనను చూసి భయపడేలా చేసుకోవడం తన పనిలో ఒక భాగమని, జీతం తీసుకునేది దానికి కూడానని అనేది. ఒక్క జింక మాత్రం తట్టుకోలేక చచ్చిపోయింది. ఆ రోజు ఉరుకుంద దాని పక్కనే కూర్చుని, మిగతావాటి మేత వేళకు లేచింది.

వానలు మళ్లీ వచ్చాయి. గేటు తీశారు. వదిలినవి వదిలినట్టు గడ్డినేల మీద అంతెత్తున ఎగురుతూ పోయాయి. ఒక్కటీ వెనక్కి చూడలేదు. ఫిలోమినా చప్పట్లు కొట్టబోయి, ఉరుకుంద పక్కనే ఉందని గుర్తొచ్చి చేతులు దించుకుంది.

ఒకటి మిగిలింది. కంచె తీగకు ఒక కాలు పోగొట్టుకున్న ముసలి ఆడజింక.

"దానిది కూడా దానికిచ్చేయరాదూ?" అన్నాడు తిప్పన్న.

"మూడు కాళ్లతో యాడికి పారిపోతాది మామా? పారిపోలేనిదానికి బెదురు పెట్టి చంపేది ఎందుకు? కాలువదానిది ఎట్లా నాలోనే ఉండాది, ఇదీ ఉండనీ."

మరుసటి రోజు పొద్దున్న పెరట్లో గంగి ఎప్పటిలాగే తల్లి పక్కకు పక్కగా వచ్చి, నేల చూస్తూ కూర్చుంది. ఉరుకుంద లేచి నిలబడింది.

"గంగీ, ఆ గోడ కాడికి పో."

"ఎందుకు?"

"ఆడి నుంచి పరిగెత్తుకుంటా నా మీదికి రా."

గంగి గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి నెమ్మదిగా, ఓరగా, తల వంచుకుని నడిచి వచ్చింది.

"అట్ల కాదు. ఎదురుగా రా. నా కండ్లల్లోకి చూడు."

"బెదురుతావు."

"బెదురుతా. అయినా రా."

గంగి మళ్లీ గోడ దాకా వెళ్లింది. రెండడుగులు వేసి ఆగింది. పెరటి గుమ్మంలో నిలబడ్డ తిప్పన్న గొంతులోకి వచ్చిన దగ్గును మింగేశాడు. గంగి చేతులు చాచి, నోరు తెరిచి, పరుగెత్తింది. ఉరుకుంద భుజాలు అదిరాయి. మడమలు రెండూ నేల మీంచి లేచాయి. అతనికి స్పష్టంగా కనపడింది. లేచిన మడమలు లేచిన చోటే మళ్లీ నేలకు ఆనాయి. పిల్ల వచ్చి పొట్టకు తగిలింది, ఇద్దరూ వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నారు.

ఉరుకుంద గుండె దడదడ కొట్టుకోవడం గంగి చెవి పెట్టి వింది.

"ఇంగొక పారి వస్తా," అంది.

"రా," అంది ఉరుకుంద.

గంగి గోడ వైపు పరుగెత్తింది.

— బసమ్మ. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఇప్పుడు ఆదోనిలో మా చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటున్నాను.